మబ్బు లేకుంటే ఎంత ఉండేది? ధ్రువాల మేఘాలను మెషిన్ లెర్నింగ్‌తో లెక్కగట్టడం ఎలా

నెల్లూరు, కావలి, ఒంగోలు కాలేజీల్లో ఫైనలియర్ ప్రాజెక్టుల సీజన్ మొదలైందంటే మెషిన్ లెర్నింగ్ పేరుతో వచ్చే టాపిక్కులు ముందే చెప్పేయొచ్చు: ఇళ్ల ధరలు, గుండెజబ్బు, ఆకు తెగుళ్లు. డేటా ఎక్కడిదో, దాన్ని ఎవరు కొలిచారో పిల్లలకు తెలియదు. అయినా తొంభై ఎనిమిది శాతం యాక్యురసీ వస్తుంది. వైవాలో ఎవరూ ఏమీ అడగరు.

వాటి బదులు ధ్రువాల మేఘాలు తీసుకోమంటాను నేను. డేటా ఉచితం. లాప్‌టాప్ చాలు. పైగా ఈ లెక్క ఇంకా తేలలేదు, దీని మీద శాస్త్రవేత్తలు ఇప్పటికీ పని చేస్తూనే ఉన్నారు. "నెల్లూరులో కూర్చుని ఆర్కిటిక్ ఏంది సార్?" అని అడిగితే దానికీ జవాబుంది. ఉత్తర ధ్రువానికి దగ్గర్లో, నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో నీ-ఒలెసుండ్ అనే చిన్న ఊరుంది. 2008లో మన దేశం అక్కడే హిమాద్రి స్టేషన్ పెట్టింది. అంటార్కిటికాలో 1989 నుంచి మైత్రి, 2012 నుంచి భారతి నడుస్తున్నాయి. మూడింటినీ చూసుకునే సంస్థ గోవాలో ఉంది. ఈ వ్యాసంలో మనం వాడబోయే కొలతలు ఆ నీ-ఒలెసుండ్‌లో తీసినవే.

పైథాన్, పాండాస్ కొంచెం తెలిసి ఉంటే చాలు. ఫిజిక్స్ ఇంటర్‌లో చదివింది గుర్తుంటే ఇంకా మంచిది.

కోడ్ కన్నా ముందు ఫిజిక్స్

మన తీరంలో రొయ్యల గుంటలు చేసేవాళ్లకు మబ్బు గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. పగలు మబ్బు కమ్మితే ఎండ తగ్గుతుంది, నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుందని ఏరేటర్లు తిప్పుతారు. రాత్రి సంగతి వేరు. కార్తీకంలో ముసురు పట్టిన రాత్రి దుప్పటితో పనుండదు. సంక్రాంతి ముందు ఆకాశం తేటపడిన రాత్రి మాత్రం తెల్లవారుజామున వణికిస్తుంది. మేఘం చేసే పనులు ఈ రెండే. పైనుంచి వచ్చే ఎండను తిప్పి పంపుతుంది, నేల వదిలే వేడిని పట్టి కిందికి తిరిగి పంపుతుంది. మొదటిదాన్ని షార్ట్‌వేవ్ ప్రభావం అంటారు, రెండోదాన్ని లాంగ్‌వేవ్ ప్రభావం.

భూమి మొత్తం మీద సగటు తీస్తే మొదటిదే గెలుస్తుంది. మేఘాలు భూమిని చదరపు మీటరుకు సుమారు 20 వాట్ల మేర చల్లబరుస్తున్నాయి. ధ్రువాల దగ్గర ఈ లెక్క తిరగబడుతుంది. నెలల తరబడి సూర్యుడే కనపడడు కాబట్టి అడ్డుకోవడానికి ఎండే ఉండదు. ఎండ వచ్చినా, కొత్త మంచు దానిలో 80 నుంచి 90 శాతాన్ని తనే వెనక్కి పంపేస్తుంది. తెల్లటి నేల మీద తెల్లటి మబ్బు కొత్తగా పంపేది కొంచెమే. ఇక మిగిలింది రెండో పని. 1997 అక్టోబరు నుంచి 1998 అక్టోబరు దాకా ఒక ఓడను ఆర్కిటిక్ మంచులో ఇరికించి ఏడాది పాటు కొలతలు తీశారు. దాని పేరు షీబా ప్రయోగం. నడి వేసవిలో కొద్ది వారాలు తప్ప మిగతా ఏడాదంతా మేఘాలు నేలను వెచ్చబరుస్తూనే ఉన్నాయని అందులో తేలింది.

ఇంకో సంగతి కూడా మనసులో పెట్టుకోండి, తర్వాత దీనితోనే పని. ధ్రువాల మేఘాల్లో ఉష్ణోగ్రత మైనస్ 20 ఉన్నా నీరు నీరుగానే ఉండగలదు. చిన్న బిందువులు సుమారు మైనస్ 38 దాకా గడ్డకట్టకుండా నిలబడతాయి. వీటిని సూపర్‌కూల్డ్ బిందువులు అంటారు. వేడిని పట్టి ఉంచడంలో మంచు స్ఫటికాల కన్నా ఇవి చాలా గట్టివి. 2012 జులైలో గ్రీన్‌లాండ్ మంచు పైపొర దాదాపు అంతటా కరిగింది. ఆ కరగడంలో పల్చటి నీటి మేఘాలకు పెద్ద పాత్రే ఉందని తర్వాత పరిశోధనల్లో తేలింది. ఎండను లోపలికి రానిచ్చేంత పలచగా, వేడిని బయటికి పోనివ్వనంత మందంగా ఉన్నాయవి.

మొదటి అడుగు: ప్రశ్నను కుదించండి

"ధ్రువ వాతావరణంపై మేఘాల ప్రభావం" అనేది ప్రశ్న కాదు, పుస్తకం అట్ట మీద పేరు. మన ప్రశ్న ఇది: నీ-ఒలెసుండ్‌లో సూర్యుడు ఉదయించని రోజుల్లో, మేఘం ఉన్నందువల్ల ఆకాశం నుంచి నేలకు దిగే లాంగ్‌వేవ్ రేడియేషన్ ఎన్ని వాట్లు పెరుగుతోంది? ఆ పెరుగుదలను నిర్ణయిస్తున్నది మేఘంలోని నీరా, ఎత్తా, ఉష్ణోగ్రతా?

చీకటి రోజులే ఎందుకంటే, అక్కడ అక్టోబరు చివర నుంచి ఫిబ్రవరి మధ్య దాకా సూర్యుడు ఉదయించడు. షార్ట్‌వేవ్ గొడవ లేకుండా సగం సమస్య దానంతటదే తొలగిపోతుంది. వేసవి లెక్క తర్వాత చూసుకోవచ్చు.

రెండో అడుగు: డేటా

మూడు చోట్ల నుంచి తెచ్చుకోవాలి. మొదటిది బీఎస్ఆర్ఎన్. నేల మీద రేడియేషన్‌ను అత్యంత జాగ్రత్తగా కొలిచే ప్రపంచ నెట్‌వర్క్ ఇది. నీ-ఒలెసుండ్ స్టేషన్ 1992 నుంచి ఇందులో ఉంది. నిమిషానికొక కొలత, నెలకొక ఫైలు. కింద దిగే లాంగ్‌వేవ్‌తో పాటు రెండు మీటర్ల ఎత్తున ఉష్ణోగ్రత, గాలిలో తేమ, పీడనం ఉంటాయి. ఫైళ్లు పాంగియా అనే జర్మన్ డేటా భాండాగారంలో దొరుకుతాయి.

రెండోది అదే ఊళ్లోని సీలోమీటర్ డేటా. ఇది లేజర్‌ను నిట్టనిలువుగా పైకి కొట్టి మేఘం అడుగు ఎంత ఎత్తులో ఉందో చెబుతుంది.

మూడోది ఈఆర్ఏ5. యూరప్ వాతావరణ కేంద్రం తయారుచేసిన రీఅనాలిసిస్, అంటే పాత కొలతలను వాతావరణ మోడల్‌తో కలిపి తిరిగి కట్టిన రికార్డు. 1940 నుంచి గంట గంటకూ, 0.25 డిగ్రీల గడిలో ప్రపంచమంతా ఉంటుంది. కోపర్నికస్ క్లైమేట్ డేటా స్టోర్‌లో ఖాతా తెరిచి, లైసెన్స్‌కు ఒప్పుకుంటున్నట్టు టిక్కు పెడితేనే డౌన్‌లోడ్ మొదలవుతుంది. ఆ టిక్కు పెట్టక ఎర్రర్ వస్తోందని గంటలు పోగొట్టుకునేవాళ్లు ఎక్కువ.

ప్రపంచం మొత్తానికి అడగకండి. ప్రపంచ పటం మీద 1440 నిలువు వరుసలు, 721 అడ్డ వరుసలు, అంటే పది లక్షలకు పైగా బిందువులు. ఏడాదికి 8760 గంటలు. విలువకు రెండు బైట్లే వేసుకున్నా ఒక్క వేరియబుల్‌కు ఏడాదికి 18 గిగాబైట్లు దాటుతుంది. స్వాల్‌బార్డ్ చుట్టూ చిన్న పెట్టె గీసి అంతవరకే అడిగితే మెగాబైట్లతో పోతుంది. అది కూడా నెల నెలగా విడగొట్టి అడగండి. వాయుగుండం పట్టి కరెంటు పోయిన రాత్రి ఒక్క నెలే పోతుంది, మొత్తం కాదు. గాలిలోని మొత్తం నీటి ఆవిరి, 850 హెక్టోపాస్కల్ మట్టం (కిలోమీటరు పైచిలుకు ఎత్తు) దగ్గర ఉష్ణోగ్రత, గాలి దిశ, మేఘాల్లేకుంటే దిగే లాంగ్‌వేవ్, ఈ నాలుగూ తీసుకోండి.

ఒక హెచ్చరిక. ఈఆర్ఏ5లో ఉన్న మేఘాలు ఎవరూ చూసినవి కావు, మోడల్ లెక్కగట్టినవి. ఉష్ణోగ్రత, గాలి విషయంలో దాన్ని చాలావరకు నమ్మొచ్చు. ధ్రువాల మేఘాల్లో నీరెంత, మంచెంత అన్నదాంట్లో మాత్రం నమ్మకూడదు. దాని మేఘాలనే ఇన్‌పుట్‌గా, దాని రేడియేషన్‌నే అవుట్‌పుట్‌గా పెట్టి మోడల్‌కు శిక్షణ ఇస్తే బ్రహ్మాండమైన స్కోరు వస్తుంది. మీ మోడల్ నేర్చుకున్నది ఆకాశాన్ని కాదు, యూరప్ వాళ్ల ప్రోగ్రామును.

మూడో అడుగు: గడియారాలు కలపడం

విసుగు పుట్టించే పనే, కానీ సగం ప్రాజెక్టులు ఇక్కడే చెడిపోతాయి. మూడు డేటాలూ యూటీసీ సమయంలో ఉంటాయి. మన సిస్టమ్ టైమ్ అయిదున్నర గంటలు ముందుంటుంది. ఎక్కడా లోకల్ టైమ్‌లోకి మార్చకండి.

ఈఆర్ఏ5లో రేడియేషన్ వాట్లలో ఉండదు, గంటసేపు పోగైన జౌళ్లలో ఉంటుంది. 3600తో భాగిస్తే వాట్లు. అది కూడా ఆ సమయానికి ముందు గడిచిన గంటది. 06:00 అని రాసి ఉంటే 05:00 నుంచి 06:00 దాకా అని అర్థం. కాబట్టి బీఎస్ఆర్ఎన్ నిమిషాల్లో అదే గంట సగటు తీసి పక్కన పెట్టాలి. పాండాస్‌లో గంటల సగటు తీస్తే మామూలుగా గంట మొదటి సమయాన్ని లేబుల్‌గా వేస్తుంది. దాన్ని చివరికి మార్చకపోతే మీ రెండు నిలువు వరుసలూ గంట తేడాతో నడుస్తాయి. గ్రాఫులో కంటికి ఆనదు.

కొలతల్లో 40 వాట్ల కన్నా తక్కువ, 700 కన్నా ఎక్కువ ఉన్న విలువలు తీసేయండి. బీఎస్ఆర్ఎన్ నాణ్యత పరీక్షలో లాంగ్‌వేవ్‌కు పెట్టుకున్న హద్దులివి. పరికరం అద్దం మీద మంచు పేరుకుంటే అది ఆకాశాన్ని కాక తన మీది మంచునే కొలుస్తుంది. అప్పుడు గీత గంటల తరబడి కదలకుండా నిలబడిపోతుంది. అలాంటి చోట్లు కంటితో చూసి పక్కన పెట్టండి.

తేమ విషయంలో ఇంకో తకరారు. మైనస్ 15 దగ్గర నీటి మీద సంతృప్త ఆవిరి పీడనం 1.91 హెక్టోపాస్కల్, మంచు మీద 1.65. సెన్సర్లు సున్నాకు కింద కూడా నీటి మీది లెక్కే చూపిస్తాయి. మీరు మంచు సూత్రం వాడితే ఆవిరి పీడనం దాదాపు ఏడో వంతు తగ్గిపోతుంది.

నాలుగో అడుగు: తేట ఆకాశాన్ని ఏరుకోవడం

మేఘం ప్రభావం అంటే తీసివేతే. కొలిచిన లాంగ్‌వేవ్‌లోంచి, అదే క్షణంలో అదే గాలికి మబ్బు లేకుంటే ఎంత దిగేదో తీసేయాలి. ఆ రెండో సంఖ్యను ఎవరూ కొలవలేరు. మబ్బున్నప్పుడు మబ్బు లేని ఆకాశం ఎక్కడ దొరుకుతుంది? దాన్ని ఊహించడమే ఇక్కడ మెషిన్ లెర్నింగ్ అసలు పని.

దీనికి ముందు మబ్బు లేని గంటలను ఏరుకోవాలి. తేలికైన దారి ఒకటుంది: లాంగ్‌వేవ్ తక్కువగా ఉన్న గంటలన్నీ తేట గంటలు అనుకోవడం. ఆ దారిలో వెళ్లకండి. జవాబును ప్రశ్నలోనే దాచిపెట్టినట్టవుతుంది. మబ్బు లేకుంటే లాంగ్‌వేవ్ తక్కువ అని మీరే ముందు తీర్మానించి, చివర అదే కనుగొన్నామని రాస్తారు. సీలోమీటర్‌ను ఆధారం చేసుకోండి. గంట మొత్తంలో ఒక్క నిమిషం కూడా మేఘం అడుగు కనిపించకూడదు. దానికి తోడు, లాంగ్‌వేవ్ విలువ ఎంతన్నది వదిలేసి, అది ఎంత ఊగుతోందో మాత్రం చూడండి. తేట ఆకాశం స్థిరంగా ఉంటుంది, మబ్బులు పోతుంటే గీత ఎగుడుదిగుడుగా ఉంటుంది. చాలా ఎత్తున, పల్చగా ఉండే మంచు మేఘాలు సీలోమీటర్‌కు అందకపోవచ్చు. రిపోర్టులో ఆ మాట ఒక వాక్యం రాసుకోండి.

అయిదో అడుగు: తేట ఆకాశం మోడల్

ముందుగా ఏ మెషిన్ లెర్నింగూ లేని పాత సూత్రం ఒకటి రాసుకోండి. బ్రట్‌సార్ట్ 1975లో ఇచ్చిన సూత్రం అందరికీ పరిచితమే. ఆవిరి పీడనాన్ని హెక్టోపాస్కళ్లలో, ఉష్ణోగ్రతను కెల్విన్‌లలో తీసుకుని, మొదటిదాన్ని రెండోదానితో భాగించి, ఏడో మూలం తీసి, 1.24తో గుణించాలి. అది ఆకాశం ఎమిసివిటీ, అంటే పరిపూర్ణంగా వేడిని వెదజల్లే వస్తువుతో పోలిస్తే ఆకాశం ఎంత వంతు పంపుతుందన్నది. దాన్ని స్టెఫాన్-బోల్ట్జ్‌మన్ లెక్కతో గుణిస్తే వాట్లు.

ఒకసారి చేత్తో చేసి చూద్దాం. ఉష్ణోగ్రత మైనస్ 15, అంటే 258.15 కెల్విన్. పరిపూర్ణంగా వేడిని వెదజల్లే వస్తువు ఆ ఉష్ణోగ్రతలో చదరపు మీటరుకు 252 వాట్లు పంపుతుంది. ఆవిరి పీడనం 1.3 అనుకుంటే సూత్రం ప్రకారం ఎమిసివిటీ 0.58. తేట ఆకాశం నుంచి దిగేది సుమారు 147 వాట్లు. అదే ఉష్ణోగ్రతలో, అడుగున మందపాటి నీటి మేఘం ఉంటే దిగేది 252కు దగ్గరగా వస్తుంది. మధ్యలో వంద వాట్ల పైచిలుకు ఖాళీ ఉంది. మేఘం ఆడే ఆట అంతా ఈ ఖాళీలోనే.

కానీ 147 అనేది తక్కువ లెక్క. ఆ సూత్రాన్ని సమశీతోష్ణ ప్రాంతాల వాతావరణాన్ని తలలో పెట్టుకుని కట్టారు, పైకి పోయేకొద్దీ గాలి చల్లబడుతుందని. ధ్రువాల చలికాలంలో అది తలకిందులు. నేల విపరీతంగా చల్లబడి, కొన్ని వందల మీటర్ల పైన గాలి నేల కన్నా వెచ్చగా ఉంటుంది. సూత్రం చూసేది నేల దగ్గరి ఉష్ణోగ్రతను. వేడిని పంపేది పైనున్న వెచ్చటి గాలి. ఈ తేడాను నేర్చుకోవడానికే మోడల్ కావాలి.

కాబట్టి రాండమ్ ఫారెస్ట్‌కు గానీ ఎక్స్‌జీబూస్ట్‌కు గానీ నేరుగా లాంగ్‌వేవ్‌ను ఊహించమని చెప్పకండి. సూత్రం ఇచ్చిన విలువకూ కొలతకూ ఉన్న తేడాను మాత్రమే ఊహించమనండి. ఇన్‌పుట్లుగా నేల ఉష్ణోగ్రత, 850 దగ్గరి ఉష్ణోగ్రత, వాటి మధ్య తేడా, మొత్తం నీటి ఆవిరి, పీడనం ఇవ్వండి.

ఇలా ఎందుకు చుట్టు తిరగాలంటే, రాండమ్ ఫారెస్ట్, ఎక్స్‌జీబూస్ట్ లాంటి చెట్ల మోడళ్లకు తాము చూసిన హద్దు దాటి ఊహించడం చేతకాదు. తేట గంటలు ఎలా ఉంటాయి? చలిగా, పొడిగా. మబ్బు గంటలు వెచ్చగా, తేమగా ఉంటాయి, ఎందుకంటే మబ్బును తెచ్చే అట్లాంటిక్ గాలే వెచ్చదనాన్నీ తెస్తుంది. శిక్షణలో తేట ఆకాశం 220 వాట్లకు మించలేదనుకోండి. సున్నా డిగ్రీల మబ్బు రాత్రి ఒకటి వచ్చి, మబ్బు లేకుంటే ఎంత అని అడిగితే, నిజమైన జవాబు 240 అయినా చెట్టు 220 దగ్గరే ఆగిపోతుంది. ఆ 20 వాట్లూ మేఘం ఖాతాలో పడతాయి. మోడల్‌కు చేతకానిదంతా మేఘం ఘనతగా లెక్కలోకి వస్తుంది. ఇది ఏ స్కోరులోనూ కనపడదు, ఎందుకంటే మీరు పరీక్షించేది కూడా తేట గంటల మీదే. సూత్రాన్ని అడుగున పెడితే వెచ్చదనంతో పెరగాల్సిన భాగం అదే పెరుగుతుంది, చెట్టు చిన్న సవరణకు పరిమితమవుతుంది. ఈఆర్ఏ5 ఇచ్చే మేఘరహిత లాంగ్‌వేవ్‌తో పక్కపక్కన గీసి చూడండి. వెచ్చటి గంటల్లో రెండూ విడిపోతుంటే అక్కడ ఆగి కారణం వెతకండి.

ఆరో అడుగు: రెండు దిబ్బలు

తీసివేత అయింది. గంట గంటకూ మేఘం ప్రభావం వాట్లలో చేతిలో ఉంది. ఇప్పుడు దాన్ని సీలోమీటర్ ఎత్తు, మేఘం అడుగు ఉష్ణోగ్రత, నీటి మోతాదు వంటి వాటితో ఊహించే రెండో మోడల్ కట్టాలి. కట్టేముందు ఒక హిస్టోగ్రామ్ గీయండి.

షీబా ఓడ మీద చలికాలంలో నేల దగ్గర నికర లాంగ్‌వేవ్‌ను (దిగేదాంట్లోంచి నేల వదిలేది తీసేస్తే మిగిలేది) ఇలాగే గీస్తే ఒక గుట్ట కాదు, రెండు కనిపించాయి. ఒకటి మైనస్ 40 వాట్ల దగ్గర, మరొకటి సున్నాకు దగ్గర్లో. మొదటిది తేట ఆకాశం: నేల వేడిని పోగొట్టుకుంటూనే ఉంటుంది. రెండోది నీటి మేఘం కప్పిన ఆకాశం: పోయినంతా తిరిగొస్తుంది. మధ్యలో నిలబడే గంటలు తక్కువ. ఆర్కిటిక్ చలికాలం ఈ రెండు స్థితుల మధ్య దూకుతూ ఉంటుంది. నీ-ఒలెసుండ్ ఫియార్డ్ ఒడ్డున, కొండల మధ్య ఉంది కాబట్టి అంకెలు అచ్చం అవే రావు, ఆకారం మాత్రం వెతకండి.

ఇది మోడల్‌కు పెద్ద తంటా. మామూలు రిగ్రెషన్ వర్గ దోషాల సగటును తగ్గించాలని చూస్తుంది. ఏ గంట ఎటువైపో తెలియనప్పుడు దానికి క్షేమమైన జవాబు నడిమధ్యది, మైనస్ 20. సగటు దోషం తక్కువే వస్తుంది, కానీ ప్రకృతిలో ఆ మైనస్ 20 దాదాపు ఉండదు. మీ మోడల్ కనిపెట్టింది ఎక్కడా లేని ఆకాశం అన్నమాట. దీన్ని పట్టుకోవాలంటే స్కోరు చూస్తే చాలదు, మోడల్ ఊహల హిస్టోగ్రామ్‌ను కూడా గీసి కొలతల హిస్టోగ్రామ్ పక్కన పెట్టాలి. రెండు దిబ్బలు ఒకటిగా కరిగిపోయాయా? అయితే మోడల్‌ను రెండుగా విడగొట్టండి. మొదట వర్గీకరణ: ఈ గంట తేట స్థితా, నీటి మేఘం స్థితా? తర్వాత ఒక్కో స్థితిలో విడి రిగ్రెషన్. నా లెక్కలో ఈ ఒక్క అడుగు సరిగ్గా చేసిన ప్రాజెక్టు, పది లేయర్ల న్యూరల్ నెట్‌వర్క్ పెట్టిన ప్రాజెక్టు కన్నా విలువైనది.

ఏడో అడుగు: పరీక్ష

డేటాను రాండమ్‌గా 80, 20 కింద విడగొట్టకండి. పదిగంటలకూ, పదిగంటల రెండు నిమిషాలకూ తీసిన కొలతలు శిక్షణలో ఉండి, మధ్య నిమిషం పరీక్షలో వస్తే మోడల్ నేర్చుకోవాల్సిన పనే లేదు, కాపీ కొడితే చాలు. గంటల సగటు తీసినా అంతే, ఒకే మేఘం పొర రోజుల తరబడి అక్కడే తిష్ఠ వేయగలదు.

ఏడాదుల వారీగా విడగొడదామంటే అక్కడా ఒక మెలిక ఉంది. ధ్రువ రాత్రి రెండు క్యాలెండర్ సంవత్సరాల్లో పడుతుంది. డిసెంబరు 31 శిక్షణలోకీ, జనవరి 1 పరీక్షలోకీ పోతే మళ్లీ లీకేజీ, అంటే పరీక్ష జవాబు శిక్షణలోకి కారిపోవడం. చలికాలాలకు నంబర్లు వేసి, అక్టోబరు నుంచి మార్చి దాకా ఒక గుంపుగా కట్టి, ఒక్కో చలికాలాన్ని పూర్తిగా పక్కన పెట్టి పరీక్షించండి. సైకిట్-లెర్న్‌లో గ్రూప్ కే-ఫోల్డ్ దీనికే ఉంది. స్కోరు పడిపోతుంది. టెన్షన్ పడకండి, నిజమైన స్కోరు అదే. దాన్ని బ్రట్‌సార్ట్ సూత్రం స్కోరుతోనూ, గంట క్రితం విలువనే మళ్లీ చెప్పే సోమరి మోడల్‌తోనూ పోల్చి రాయండి.

ఎనిమిదో అడుగు: మోడల్ ఏం నేర్చుకుందో అడగడం

షాప్ వాల్యూస్ (SHAP, మోడల్ ఊహలో ఏ ఇన్‌పుట్‌కు ఎంత వాటా ఉందో చూపే లెక్క) గీసి, పైన ఏ పేరుంటే అదే కారణమని రాసేయడం ఇప్పుడు ఆనవాయితీ అయింది. ఉష్ణోగ్రత, నీటి ఆవిరి జంటగా నడుస్తాయి. మోడల్ ఆ ఘనతను రెండింటికీ ఇష్టం వచ్చినట్టు పంచుతుంది, సీడ్ మారిస్తే పంపకమూ మారుతుంది. కలిసి నడిచే ఇన్‌పుట్లను ఒక గుంపుగా కలిపి, గుంపు మొత్తాన్ని ఒకేసారి కలగాపులగం చేసి దోషం ఎంత పెరిగిందో చూడండి.

కారణం గురించి మాట్లాడాలంటే ఇంకో మెట్టు ఎక్కాలి. తేమగాలి చొచ్చుకొస్తే మబ్బూ వస్తుంది, వెచ్చదనమూ వస్తుంది. మబ్బు వల్లే వెచ్చబడింది అనడానికి లేదు. అందుకని గంటలను నీటి ఆవిరి, 850 ఉష్ణోగ్రతల ప్రకారం చిన్న చిన్న డబ్బాల్లో వేయండి. ఒకే డబ్బాలోని మబ్బు గంటలను, తేట గంటలను పోల్చండి. కొన్ని డబ్బాల్లో తేట గంటలే దొరకవు. అక్కడ చెప్పడానికి మన దగ్గర ఏమీ లేదని ఒప్పుకోవాలి.

ఇంకా ముందుకు పోవాలంటే: ఉపగ్రహాలు

ఒక ఊరి లెక్క అయ్యాక ధ్రువం మొత్తానికి పోవాలని ఉంటుంది. అక్కడ మొదటి చిక్కు, ఫోటోలో అసలు మబ్బు ఏదో తేల్చుకోవడం. ఇస్కపల్లి వైపు ఉప్పు కుప్ప మీద వాలిన కొంగను దూరం నుంచి వెతికినట్టుంటుంది. పగలైతే ఒక ఉపాయం ఉంది: 1.6, 2.1 మైక్రాన్ల దగ్గర మంచు నల్లగా, నీటి మేఘం తెల్లగా కనిపిస్తాయి. ఆక్వా ఉపగ్రహం మీది మోడిస్ అనే పరికరంలో 1.6 బ్యాండు డిటెక్టర్లు చాలా వరకు చెడిపోయాయి, కాబట్టి 2.1 వాడండి. రాత్రి ఆ దారీ ఉండదు. ఇన్‌ఫ్రారెడ్‌లో మేఘం చల్లగా, నేల వెచ్చగా కనిపిస్తుందని మనం అలవాటు పడి ఉంటాం. ధ్రువ రాత్రిలో మేఘమే నేల కన్నా వెచ్చగా ఉండొచ్చు.

సరైన జవాబులు, అంటే లేబుళ్లు, కాలిప్సో ఉపగ్రహం మీది లైడార్ (లేజర్‌తో కొలిచే పరికరం), క్లౌడ్‌శాట్ ఉపగ్రహం మీది రాడార్‌ల నుంచి తెచ్చుకుంటారు. రెండూ 2006 ఏప్రిల్‌లో ఒకే రాకెట్ మీద వెళ్లి, 2018 దాకా చాలావరకు ఆక్వా వెనకే ఒకటి రెండు నిమిషాల తేడాతో నడిచాయి. కాబట్టి జత కలపడానికి ఆ ఏళ్లే మంచివి. రెండింటికీ లోపాలున్నాయి. లైడార్ మందపాటి నీటి మేఘం దాటి కిందికి చూడలేదు. రాడార్‌కు నేల నుంచి సుమారు కిలోమీటరు దాకా గజిబిజి, ధ్రువాల మేఘాలేమో చాలావరకు అక్కడే ఉంటాయి. 2011లో బ్యాటరీ దెబ్బతిన్నాక క్లౌడ్‌శాట్ ఎండ తగిలే వైపు మాత్రమే పనిచేసింది. అంటే ఆ తర్వాతి ఏళ్ల రాడార్ డేటాలో ధ్రువ రాత్రి లేదు. అది తెలియకుండా ఏళ్లన్నీ కలిపేస్తే చలికాలపు మేఘాలు తగ్గిపోయాయన్న వింత ట్రెండు బయటపడుతుంది. పైగా రెండూ 82 డిగ్రీల అక్షాంశం దాటి పోలేదు. అక్కడ నేర్చుకున్న మోడల్‌ను 88 డిగ్రీల దగ్గర వాడితే పటంలో ఆ భాగాన్ని గీతలు కొట్టి చూపించండి.

యూ-నెట్ (చిత్రంలో ప్రతి పిక్సెల్‌కూ లేబుల్ వేసే న్యూరల్ నెట్‌వర్క్) మీద మోజుంటే ఒక మాట. లైడార్ లేబుళ్లు చిత్రం మొత్తానికి ఉండవు, మధ్యలో సన్నటి గీత మీద ఉంటాయి. లాస్‌ను ఆ గీత మీది పిక్సెళ్లకే లెక్కగట్టేలా మాస్క్ పెట్టాలి. అది తలనొప్పి అనిపిస్తే పిక్సెల్‌కు పిక్సెల్ ఎక్స్‌జీబూస్ట్‌తో మొదలుపెట్టండి, పగలుకు ఒకటి, రాత్రికి ఒకటి. అంటార్కిటికాకు మాత్రం ఆర్కిటిక్ మోడల్‌ను ఎత్తుకెళ్లకండి. అక్కడి పీఠభూమి మూడు కిలోమీటర్ల ఎత్తు, గాలి ఇంకా పొడి, నీటి మేఘాలు అరుదు. 2024 మే నెలలో వెళ్లిన ఎర్త్‌కేర్ ఒకే ఉపగ్రహం మీద లైడార్, రాడార్ రెండూ మోసుకెళ్లింది. కొత్త బ్యాచ్‌లు దాని డేటాను చూడటం మంచిది.

రిపోర్టులో ఏముండాలి

ఫలితాన్ని ఒక సంఖ్యగా కాకుండా, చలికాలం చలికాలానికీ ఎంత మారిందో చూపిస్తూ పట్టిక వేయండి. కొలత పరికరానికే కొన్ని వాట్ల అనిశ్చితి ఉంటుంది. రెండు వాట్ల మెరుగుదల వచ్చిందని చెప్పుకోవడం అందుకే దండగ. పాంగియాలోని ప్రతి ఫైలుకూ ఒక డీఓఐ నంబరు ఉంటుంది, వాడిన ప్రతి ఒక్కటీ రాయండి. తీసేసిన గంటల జాబితాను, తీసేసిన కారణంతో సహా, కోడ్ పక్కనే సీఎస్‌వీ ఫైలుగా ఉంచండి. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ అడగకపోవచ్చు. మరుసటి ఏడు మీ జూనియర్ అదే ప్రాజెక్టును భారతి స్టేషన్‌కు మార్చాలనుకుంటే మాత్రం ముందుగా అడిగేది ఆ ఫైలే.